కారుణ్య మరణ చట్టము – ఇంగ్లండు సంఘము: 1936 బిల్లు మొదలుకొని ఒక చారిత్రక పరిశీలన

2025 జూన్ 20వ తేదీన బ్రిటిషు కామన్స్ సభ ఒక బిల్లును 314 అనుకూల, 291 వ్యతిరేక ఓట్లతో ఆమోదించి ప్రభువుల సభకు పంపింది. కిమ్ లెడ్‌బీటర్ అను సభ్యురాలు ప్రవేశపెట్టిన ఈ బిల్లు ఇంగ్లండు, వేల్సు ప్రాంతములకు సంబంధించినది. ఆరు నెలలలోగా మరణము తప్పదని వైద్యులు నిర్ధారించిన వయోజన రోగి కోరినట్లయితే, ప్రాణము తీసే మందును వైద్యుడు సమకూర్చవచ్చును. రోగి దానిని తన చేతితో తానే తీసుకోవలెను. ఇది దాని సారాంశము.

ఇటువంటి చట్టములను గూర్చి మన ప్రసంగములలో సాధారణముగా ఒక కథ చెప్పుతుంటాము. పూర్వము ఆ దేశములు దేవుని ఆజ్ఞకు భయపడినవి, తరువాత విశ్వాసము సన్నగిల్లినది, లోకము మరణమును కోరినది, సంఘము మాత్రము ఎదురు నిలిచినది అని. ఈ కథలో కొంత నిజము లేకపోలేదు. అయితే చరిత్ర పుటలు తిరగవేసినప్పుడు అంత సులువైన గీత ఎక్కడా కనబడదు. ఈ చర్చకు సంబంధించిన మొట్టమొదటి బిల్లు వెనుక పాదిరులు ఉన్నారు. దానిని ఓడించుటలో ముందు నిలిచిన వారిలో ఒకడు, అదే సంవత్సరము తన రోగి మరణమును తన చేతులతో త్వరపరచిన వైద్యుడు. ఈ వ్యాసములో ఆ 1936వ సంవత్సరమును కొంత వివరముగాను, దాని తరువాత జరిగినవాటిని క్లుప్తముగాను పరిశీలించి, మన తెలుగు నేలకు ఈ చర్చ ఎట్లు చేరినదో చూడగోరుచున్నాము.

పదమును గూర్చి ఒక మాట

తెలుగులో మనకున్న మాట "కారుణ్య మరణము". పత్రికలు "మెర్సీ కిల్లింగ్" అని కూడ వ్రాస్తాయి. ఈ ఒక్క మాట క్రింద వేరు వేరు కార్యములు కలిసిపోవుచున్నవి. ఫలితమివ్వని చికిత్సను ఆపివేయుట లేక వెంటిలేటరు తొలగించుట ఒకటి. వైద్యుడు ఇంజక్షనుతో ప్రాణము తీయుట మరొకటి. వైద్యుడు మందు సమకూర్చగా రోగి తానే త్రాగుట మూడవది. నొప్పి తగ్గించుటకు ఇచ్చిన మందు వలన ఆయుష్షు కొంత తగ్గవచ్చునని తెలిసియు దానిని ఇచ్చుట నాల్గవది. బ్రిటిషు బిల్లు మూడవదానిని గూర్చినది. మన సుప్రీంకోర్టు అనుమతించినది మొదటిదానిని మాత్రమే. "స్వచ్ఛంద మరణము" అను మాట కూడ మనకున్నది గాని, అది వినగానే తెలుగువానికి అంపశయ్య మీద భీష్ముడు గుర్తుకు వస్తాడు. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టముతో పడియున్న రోగి గుర్తుకు రాడు. కాపరులు ఈ అంశముపై మాటలాడునప్పుడు ఏ కార్యమును గూర్చి మాటలాడుచున్నారో ముందు తేల్చుకొననియెడల, ఖండింపకూడని దానిని ఖండించుట, సమర్థింపకూడని దానిని సమర్థించుట రెండును జరుగుతాయి.

లేఖనమును గూర్చియు ఒక మాట. గిల్బోవ కొండ మీద గాయపడిన సౌలును తానే చంపితినని దావీదునొద్ద చెప్పుకొనిన అమాలేకీయుని వృత్తాంతము (2 సమూయేలు 1:1–16) ఈ సందర్భములో తరచుగా వాడబడుతుంది. అది ఈ చర్చకు చాల దగ్గరగా ఉన్న భాగమే. సౌలు బాధలో ఉన్నాడు, చావు తప్పదు, చంపుమని తానే అడిగాడు అని ఆ యువకుని వాదన. అయితే 1 సమూయేలు 31వ అధ్యాయముతో పోల్చినయెడల అతని మాట అబద్ధమని తోచుచున్నది. దావీదు అతనిపై మోపిన నేరము కూడ యెహోవా అభిషేకించిన వానిని చంపుట. కాబట్టి ఈ ఒక్క భాగమును చూపి చర్చ ముగిసినదనుట వ్యాఖ్యానము కాదు. నరహత్యను గూర్చిన ఆజ్ఞ, ప్రాణము దేవుని యీవి అను బోధ, చావును కోరిన ఏలీయాతో దేవుడు వ్యవహరించిన తీరు (1 రాజులు 19) కలిపి చదువవలెను. ఏలీయా కోరిన చావు అతనికి ఇయ్యబడలేదు. అతనికి దొరికినవి ఆహారము, నిద్ర. ఈ సంగతి మరల మనకు అవసరమగును.

లెస్టర్ నగరము నుండి ప్రభువుల సభ వరకు

అగస్టీను "దేవుని పట్టణము" మొదటి గ్రంథములో ఆత్మహత్యను నిషేధించిన నాటి నుండి పాశ్చాత్య సంఘము వెయ్యి సంవత్సరములకు పైగా ఆ బోధలోనే నిలిచింది. 1516లో థామస్ మోర్ తన "యుటోపియా"లో, నయముకాని వ్యాధితో వేదనపడు రోగులకు యాజకులు, అధికారులు స్వచ్ఛందముగా మరణించుటకు సలహా ఇచ్చే ఊహాలోకమును వర్ణించాడు. అది అతని స్వంత అభిప్రాయమా, వ్యంగ్యమా అనునది పండితులు నేటికిని తేల్చలేదు. 1605లో ఫ్రాన్సిస్ బేకన్, మరణించువానికి ప్రయాణము సులభము చేయుట కూడ వైద్యుని పనియే అని వాదించాడు. ఇవి రెండును పుస్తకముల లోపలి మాటలు. విషయము చట్టమునకు దగ్గరగా వచ్చినది మత్తుమందుల తరువాతనే. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వైద్యములోనికి వచ్చాయి. 1870లో బర్మింగ్‌హాములో శామ్యూల్ విలియమ్స్ అనునతడు (ఇతడు వైద్యుడు కాడు), నిరాశాజనకమైన రోగులకు వారి కోరిక మీద క్లోరోఫారముతో శీఘ్ర మరణము కలిగించవచ్చునని ఒక వ్యాసము ప్రచురించాడు.

ఇక 1931లో లెస్టర్ నగర ఆరోగ్యాధికారి డాక్టర్ కిల్లిక్ మిల్లార్డ్, ఆరోగ్యాధికారుల సంఘమునకు అధ్యక్షోపన్యాసము చేయుచు ఒక ముసాయిదా బిల్లును సభ్యుల ముందుంచారు. క్యాన్సరు మరణములు పెరుగుచున్న కాలము అది. నాలుగేండ్లకు, 1935లో, స్వచ్ఛంద సుఖమరణమును చట్టబద్ధము చేయుటకై ఒక సంస్థ ఏర్పడింది. ప్రఖ్యాత శస్త్రవైద్యుడు లార్డ్ మొయినిహన్ దాని అధ్యక్షుడు. మన దృష్టికి ముఖ్యమైన సంగతి ఏమనగా, లెస్టర్‌లో మిల్లార్డ్ ప్రక్కన తొలి నుండి నిలిచిన చిన్న గుంపులో పాదిరులు ఉన్నారు. లండనులో సెయింట్ పాల్స్ కెథీడ్రలునకు డీనుగా 1934 వరకు పనిచేసిన విలియం ఇంగె ఈ ఆలోచనకు మద్దతు తెలిపారు. ఆయన తరువాత అదే పీఠమునకు వచ్చిన డబ్ల్యు. ఆర్. మాథ్యూస్ కూడ మద్దతుదారుడే. ఒకే కెథీడ్రలు, వరుసగా ఇద్దరు డీనులు. వీరిని అవిశ్వాసులని తోసివేయుట సులభము కాదు. ఇంగె క్రైస్తవ మర్మవాదముపై వ్రాసిన గ్రంథములు వేదాంత విద్యార్థులు తరతరములుగా చదివినవి.

పాదిరులు ఎందుకు ఆ వైపు వెళ్లారు? రెండు కారణములు మాకు కనబడుచున్నవి. మొదటిది, వారు చూచిన మరణములు. 1930లలో క్యాన్సరు రోగి నొప్పికి మార్ఫిను ఉన్నప్పటికిని, దానికి అలవాటుపడతాడను భయముతో రోగి అరచువరకు ఆగి ఇచ్చు పద్ధతి ఉండెను. మంచము ప్రక్కన ప్రార్థన చేసి ఇంటికి వచ్చిన పాదిరి, చావు మేలు అనుకొనుటలో ఆశ్చర్యము లేదు. రెండవ కారణము అంత శుభ్రమైనది కాదు. ఆ తరములోని అనేక విద్యావంతుల వలె ఇంగె కూడ సుప్రజనన శాస్త్రమును గట్టిగా నమ్మినవాడు. బలహీనులు తక్కువగా పుట్టవలెనను ఆలోచన, బాధితులు త్వరగా వెళ్లిపోవలెనను ఆలోచన ఒకే బల్లవద్ద కూర్చున్నాయి. కనికరము వలన వచ్చిన వాదమునకు ఈ పొరుగు ఎంత ప్రమాదకరమో కొద్ది సంవత్సరములలోనే తెలిసివచ్చింది.

బిల్లును సభలో పెట్టవలసిన మొయినిహన్ 1936 సెప్టెంబరులో మరణించారు. లార్డ్ పాన్సన్‌బీ ఆ బాధ్యత తీసుకొన్నారు. ఆ సంవత్సరము డిసెంబరు 1న ప్రభువుల సభలో చర్చ జరిగింది. బిల్లులోని ఏర్పాటు ఇది: రోగికి 21 సంవత్సరములు దాటవలెను, వ్యాధి నయముకానిది, ప్రాణాంతకమైనది, తీవ్రమైన నొప్పితో కూడినది కావలెను, ఇద్దరు సాక్షుల యెదుట దరఖాస్తుపై సంతకము చేయవలెను, రెండు వైద్య ధృవపత్రములు జతచేయవలెను, ఆరోగ్య మంత్రి నియమించిన ఒక అధికారి వచ్చి రోగిని స్వయముగా ప్రశ్నించవలెను. నేటి బిల్లులతో పోల్చిన యెడల అస్థిపంజరము దాదాపు అదే. మార్పు ఏమనగా, నేటి బ్రిటిషు బిల్లులో మందు తీసుకొనవలసినది రోగి. నొప్పి ఉండవలెనను షరతు అందులో లేదు. ఆరు నెలల గడువు మాత్రము ఉన్నది.

బిల్లు ఓడిపోయింది. అనుకూలముగా 14, వ్యతిరేకముగా 35. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కాస్మో లాంగ్ వ్యతిరేకముగా మాటలాడారు. రోమను కతోలిక ప్రభువులు వ్యతిరేకించారు. కాని సభను ఎక్కువగా కదిలించినవి ఇద్దరు వైద్యుల మాటలు: లార్డ్ హోర్డర్, లార్డ్ డాసన్. డాసన్ వాదము గమనింపదగినది. మరణించు రోగికి ప్రయాణము నెమ్మదిగా, శాంతముగా సాగునట్లు చూచుట, దానివలన ఆయుష్షు కొంత తరిగినప్పటికిని, మంచి వైద్యులలో ఇప్పటికే అలవాటుగా ఉన్నది. దానికి చట్టము, దరఖాస్తు, అధికారి అక్కరలేదు. వైద్యుని విచక్షణకే వదలివేయండి అన్నది ఆయన సారాంశము. ఆర్చిబిషప్పు మాటలు కూడ చివరకు ఈ దారికే దగ్గరగా వచ్చాయి. ఆరవ ఆజ్ఞ ఆ సభలో వినబడలేదని మేము చెప్పుట లేదు, వినబడింది. కాని ఓటు పడినది ఆజ్ఞ మీద కాదు. గదిలో జరుగునది గదిలోనే ఉండనివ్వండి అన్న మాట మీద పడింది.

రాజుగారి పడకగది

ఆ గదిలో ఏమి జరుగుచున్నదో సభకు తెలియలేదు. దేశమునకు తెలియుటకు ఐదు దశాబ్దములు పట్టింది.

1936 జనవరి 20వ తేదీ రాత్రి సాండ్రింగ్‌హాము భవనములో అయిదవ జార్జి రాజు మరణశయ్య మీద ఉన్నారు. ఆర్చిబిషప్పు లాంగ్ అక్కడనే ఉండి ప్రార్థనలు చేశారు. రాజవైద్యుడు లార్డ్ డాసన్. రాజు రాత్రి 11 గంటల 55 నిమిషములకు కన్నుమూశారు. 1986లో డాసన్ జీవితచరిత్రకారుడు ఫ్రాన్సిస్ వాట్సన్ డాసన్ స్వంత నోట్సును బయటపెట్టారు. దాని ప్రకారము, సుమారు 11 గంటలకు డాసన్ రాజు మెడలోని నరములోనికి ముప్పావు గ్రెయిను మార్ఫిను, ఆ వెంటనే ఒక గ్రెయిను కొకైను ఎక్కించారు. కారణములలో ఒకటి కుటుంబము యొక్క నిరీక్షణ బాధ. మరొకటి చదివినప్పుడు మనస్సు చివుక్కుమంటుంది: మరణవార్త సాయంకాలపు పత్రికలలో గాక, మరునాటి ఉదయపు "టైమ్స్"లో గౌరవముగా రావలెనని. పత్రిక కొంచెము ఆగునట్లు కబురు చెప్పుమని లండనులోనున్న తన భార్యకు డాసన్ ఫోను కూడ చేశారు. రాజు తనంతట తాను ఇది కోరినట్లు ఆ నోట్సులో లేదు.

పది నెలల తరువాత, అదే డాసన్, అదే లాంగ్ ప్రభువుల సభలో కూర్చుండి, అడిగి, సంతకము చేసి, సాక్షులను పెట్టుకొని మరణింపగోరు రోగికి చట్టము అక్కరలేదని చెప్పారు. మేము డాసన్‌ను వేషధారి అని పిలుచుటకు తొందరపడుట లేదు. ఆయన సభలో చెప్పినది తాను చేసినదే. తన పేరు, రాజు పేరు మాత్రమే చెప్పలేదు. కాని చట్టమును వ్యతిరేకించు మనవంటి వారికి ఇక్కడ ఒక ముల్లున్నది. 1936లో గెలిచిన వాదము ప్రాణమును కాపాడినదా, లేక వైద్యుని అధికారమును కాపాడినదా? రోగి సమ్మతి లేకుండ, సాక్షి లేకుండ జరిగిన ఆ ఇంజక్షను, ఓడిపోయిన బిల్లు క్రింద నేరమయ్యేది. ఆ బిల్లును సమర్థించిన పాదిరులు తప్పు మార్గము పట్టారని మా అభిప్రాయము. అయినను చీకటిలో జరుగునదానిని వెలుగులోనికి తేవలెనన్న వారి పట్టుదల తప్పు కాదు.

జర్మనీ

ఇంగ్లండులో బిల్లు ఓడిన మూడేండ్లకు హిట్లరు ఒక ఉత్తరువుపై సంతకము చేశాడు. 1939 అక్టోబరులో సంతకము చేసి, సెప్టెంబరు 1వ తేదీ వేయబడిన ఆ కాగితము ఆధారముగా 1941 ఆగస్టు నాటికి సుమారు 70,000 మంది మానసిక రోగులు, వికలాంగులు గ్యాసుతో చంపబడ్డారు. ఆ కార్యమునకు పెట్టిన పేరు కూడ కనికరపు మరణమే. లొబెటాల్ ఆశ్రమమునకు అధిపతియైన పాస్టరు పౌల్ బ్రౌనె 1940 జూలైలో వివరములు సేకరించి ప్రభుత్వమునకు వ్రాశారు, ఆగస్టులో అరెస్టయ్యారు. వుర్టెంబర్గు బిషప్పు తెయోఫిల్ వుర్మ్ హోంమంత్రికి ఉత్తరము వ్రాశారు. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ కతోలిక బిషప్పు ఫాన్ గాలెన్ ప్రసంగపీఠము నుండి దానిని హత్య అని పేరుపెట్టి పలికారు. ఆ ప్రసంగము ప్రతులు దేశమంతట చేతులు మారాయి. కొద్ది వారములలో ఆ పథకము అధికారికముగా నిలుపబడింది. వేరు రూపములలో హత్యలు యుద్ధాంతము వరకు సాగాయి.

ప్రసంగములలో ఈ ఉదాహరణను వాడువారు ఒక సంగతి మరువకూడదు. నాజీ పథకములో రోగి ఎవ్వరును అడుగలేదు. వారిలో అత్యధికులు మరణాసన్నులు కారు. కాబట్టి నేటి బ్రిటిషు బిల్లును నాజీ పథకముతో సమానము చేయుట న్యాయము కాదు. అందులోని పాఠము వేరు. కొన్ని ప్రాణములు బ్రతుకదగినవి కావు అను మాట ముందు గ్రంథములలో పుట్టింది. 1920లో న్యాయశాస్త్రజ్ఞుడు బిండింగ్, వైద్యుడు హోహె కలిసి అటువంటి గ్రంథమునే ప్రచురించారు. ఆ మాట ఆస్పత్రికి చేరుటకు ఇరువది సంవత్సరములు చాలినది.

కిటికీకై ఇచ్చిన 500 పౌండ్లు

యుద్ధము తరువాత చర్చ చాలకాలము మెత్తబడింది. 1957లో పోపు పన్నెండవ పయస్, రోగి అసాధారణమైన చికిత్సలకు బద్ధుడు కాడనియు, నొప్పి తగ్గించుటకు ఇచ్చిన మందు ఆయుష్షును తగ్గించినను ఉద్దేశము నొప్పి తగ్గించుటయే అయినచో అది తగునదనియు బోధించారు. ప్రొటెస్టంటు నీతిశాస్త్ర బోధకులు కూడ ఈ భేదమును విరివిగా వాడుకొన్నారు. 1959లో ఇంగ్లండు సంఘపు మండలి ఒకటి, ఆత్మహత్యా ప్రయత్నమును నేరముగా ఉంచవలెనా అని ప్రశ్నించుచు ఒక చిన్న పుస్తకము వెలువరించింది. 1961 చట్టము ఆ నేరమును తీసివేసి, ఆత్మహత్యకు సహాయము చేయుటకు మాత్రము 14 సంవత్సరముల వరకు శిక్ష పెట్టింది. పాపము అయిన ప్రతిదియు నేరము కానక్కరలేదని సంఘమే అంగీకరించిన సందర్భమిది.

కాని ఈ చరిత్రలో సంఘము చెప్పిన అతి బలమైన జవాబు గ్రంథములలో లేదు. అది దక్షిణ లండనులోని సిడెన్‌హాములో ఒక భవనముగా నిలిచింది.

సిసిలీ సాండర్స్ 1918లో జన్మించారు. మొదట నర్సు, వెన్నునొప్పి వలన ఆ పని మాని ఆస్పత్రిలో రోగుల సంక్షేమ ఉద్యోగిని, చివరకు 1957లో వైద్యురాలు. 1945లో ఆమె క్రీస్తునందు విశ్వాసమునకు వచ్చారు. 1948లో వార్సా నుండి వచ్చిన డేవిడ్ టాస్మా అను యూదుడు క్యాన్సరుతో మరణించారు. ఆయనకు అక్కడ బంధువులు లేరు. మరణించువారి కొరకు ఆమె కట్టదలచిన గృహములో తానొక కిటికీగా ఉండునట్లు 500 పౌండ్లు ఆమెకు వ్రాసి ఇచ్చారు. ఆ గృహము, సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, 1967లో తెరువబడింది. నడుమ పందొమ్మిది సంవత్సరములు.

ఆ మధ్యకాలములో ఆమె కనుగొన్నది ఇది: హాక్నీలో కతోలిక సహోదరీలు నడిపిన సెయింట్ జోసెఫ్స్‌లో, నొప్పి తిరిగి రాకమునుపే గడియారము చూచి, క్రమముగా, నోటి ద్వారా మార్ఫిను ఇచ్చినయెడల రోగి అరవడు, మత్తులో పడడు, తన మనుష్యులతో మాటలాడగలడు. నొప్పి శరీరములోనే ఉండదనియు, కుటుంబపు దిగులు, ఒంటరితనము, దేవునితో తగవు కలిసి ఒకే నొప్పి అగుననియు ఆమె బోధించారు. 1930ల పాదిరులు చూచిన మంచము ప్రక్కన ఇటువంటి వైద్యము ఉండినయెడల, వారిలో ఎందరు మిల్లార్డ్ ప్రక్కన నిలిచేవారో! సాండర్స్ చట్టమును కడవరకు వ్యతిరేకించారు. వ్యతిరేకించుటకు ఆమెకు హక్కున్నది, ఎందుకనగా ప్రత్యామ్నాయమును కట్టి చూపారు. 2005లో తాను స్థాపించిన ఆ గృహములోనే, క్యాన్సరుతో, ఆమె ప్రభువునందు నిద్రించారు.

తరువాతి ఓట్లు

1969లో లార్డ్ రాగ్లన్ బిల్లు 61–40 తో ఓడింది. 2006లో లార్డ్ జాఫీ బిల్లు 148–100 తో ఆగింది. 2015లో కామన్స్ సభ 330–118 తో తిరస్కరించింది. 2024 నవంబరు 29న అదే సభ 330–275 తో అంగీకరించింది. తొమ్మిదేండ్లలో ఇంత తారుమారు! వైద్యుల సంఘము 2021లో వ్యతిరేకత మాని తటస్థ వైఖరి తీసుకొన్నది. 1936లో సంఘము ఆనుకొన్న గోడ వైద్యవృత్తియే గనుక, ఆ గోడ జరిగినప్పుడు సంఘము తన కాళ్ల మీద తాను నిలువవలసి వచ్చింది.

సంఘము లోపల కూడ స్వరములు మారాయి. మాజీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు జార్జి కేరీ 2014లో తన మునుపటి అభిప్రాయమును మార్చుకొని చట్టమును సమర్థించారు. అదే సంవత్సరము దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూ కూడ ఆ వైపు మాటలాడారు. కేరీ మనస్సును మార్చిన సంగతులలో టోనీ నిక్లిన్సన్ వృత్తాంతము ముఖ్యమైనది. పక్షవాతము వలన కనురెప్పలతో మాత్రమే మాటలాడిన మనుష్యుడు ఆయన. ఇక్కడ ఒక తర్కదోషము ఉన్నదని మనవి చేస్తున్నాము. నిక్లిన్సన్ మరణాసన్నుడు కాడు. కేరీ సమర్థించిన, ఆరు నెలల గడువు గల బిల్లు ఆయనకు ఉపయోగపడేదే కాదు. బాధయే ఆధారమైనయెడల ఆరు నెలల గీతకు అర్థము లేదు. కెనడాలో అదే జరిగింది: 2016లో మరణము సమీపించిన వారికి ఇచ్చిన అనుమతి, 2021లో మరణము సమీపింపని వారికిని విస్తరించింది. ఇది బెదిరింపు మాట కాదు, ఆ దేశపు చట్టసభ చేసిన పని. మరొక ప్రక్క, 1997 నుండి చట్టము అమలులోనున్న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రములో గడువు ఆరు నెలలుగానే నిలిచియున్నది. అదియు చెప్పవలెను. ఒరెగాన్ వార్షిక నివేదికలలో రోగులు చెప్పిన కారణములలో నొప్పి ముందు వరుసలో లేదు. స్వతంత్రత పోవుట, ఇష్టమైన పనులు చేయలేకపోవుట ముందున్నవి. కుటుంబమునకు భారమగుదునేమో అన్న భయము కూడ చాలమంది చెప్పినదే.

ఆ చివరి మాట దగ్గర మన దేశపు కాపరి ఆగవలెను.

మన నేలపై

ఆత్మహత్యా ప్రయత్నమును శిక్షించు 309వ సెక్షను 1860 నాటి శిక్షాస్మృతితో బ్రిటిషువారు మనకిచ్చినది. వారు దానిని 1961లో వదలుకొన్నారు. మనము 2024 జూలై 1న క్రొత్త న్యాయసంహిత వచ్చువరకు ఉంచుకొన్నాము. 1994లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, 1996లో గ్యాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ద్వారా తిరిగి నిలబెట్టింది. జీవించు హక్కులో మరణించు హక్కు లేదని ఆ తీర్పు.

ఆ తీర్పు నీడలోనే 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేష్ వృత్తాంతము జరిగింది. కండరములు క్రమముగా క్షీణించు డుషెన్ వ్యాధితో బాధపడుచుండిన ఆ 25 ఏండ్ల చదరంగపు క్రీడాకారుడు, తన అవయవములు పాడుకాకమునుపే దానము చేయునట్లు తనను వెళ్లనివ్వుమని కోరాడు. తల్లి ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తీసుకొని వెళ్లారు. చట్టము అనుమతింపదని న్యాయస్థానము నిరాకరించింది. డిసెంబరు 17న అతడు మరణించాడు. అతని కథ 2022లో హిందీ చలనచిత్రముగా కూడ వచ్చింది.

ఆ కోరికలో మూడు ప్రశ్నలు చిక్కుబడి ఉన్నవి. కృత్రిమ శ్వాసను ఆపవచ్చునా? బ్రతికియున్న వాని అవయవములు మరణము కలుగునట్లు తీయవచ్చునా? ఇతరుల కొరకు తన ప్రాణమును ఇచ్చుట ఆత్మహత్యయా, త్యాగమా? మొదటిదానికి నేటి చట్టము అవుననగలదు. రెండవదానికి 1994 అవయవ మార్పిడి చట్టము కాదన్నది, కాదనుచునే ఉన్నది. మూడవది చట్టమును అడుగవలసిన ప్రశ్న కాదు. అది వేదాంత తరగతికి రావలసినది. యోహాను 15:13ను ఎరిగిన మనము ఆ యువకుని కోరికను కేవలము నిరాశ అని కొట్టివేయలేము.

2011 మార్చి 7న అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో చికిత్స ఆపవచ్చునన్నది గాని, అరుణ విషయములో ఒప్పుకొనలేదు. 1973లో దాడికి గురియై స్పృహ కోల్పోయిన ఈ నర్సును ముంబైలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సులు, తరము తరువాత తరము, 2015లో ఆమె మరణించువరకు కడిగి, తినిపించి, చూచుకొన్నారు. ఆమెను వెళ్లనివ్వవద్దని న్యాయస్థానములో నిలిచినది ఆ నర్సులే. 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తులు, గౌరవముగా మరణించుట జీవించు హక్కులో భాగమని చెప్పి, ముందస్తు వ్రాతపూర్వక నిర్దేశమును అంగీకరించారు. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభము చేశారు. ఇంజక్షనుతో ప్రాణము తీయుట నేరముగానే ఉన్నది.

అయితే మన ఊళ్లలో వెంటిలేటరు తీయబడునది ఈ తీర్పుల ప్రకారమేనా? ఆస్పత్రి వరండాలలో కూర్చున్న కాపరులకు సంగతి తెలుసును. డబ్బు అయిపోయినప్పుడు ఇంటికి తీసుకొని పోతామని కుటుంబము సంతకము చేస్తుంది; దారిలోనో, గుమ్మములోనో ప్రాణము పోతుంది. పెద్దవారు నోరు తెరచి, పొలము అమ్మవద్దు నాయనా, నన్ను ఇంటికి తీసుకొని పొమ్మంటారు. మేము పనిచేసిన పాస్టరేటులలో ఇది ఒక్కసారి చూచినది కాదు. ఇది ఎన్నికయా, గత్యంతరము లేకపోవుటయా? డాసన్ గదిలో వలె ఇక్కడను నిర్ణయము నోటిమాటగానే జరుగుతుంది. తేడా ఏమనగా, అక్కడ కారణము ఉదయపు పత్రిక, ఇక్కడ కారణము ఆస్పత్రి బిల్లు. భారమగుదునేమో అన్న మాట మన వృద్ధుల నోట చట్టము లేకుండానే ఇంత సులభముగా వచ్చుచుండగా, చట్టము వచ్చిననాడు ఎట్లుండునో ఆలోచింపవలెను. బ్రిటిషు బిల్లును మేము వ్యతిరేకించుటకు మొదటి కారణము ఇదే.

నొప్పి విషయము ఇంకొకటి. 1985 మాదకద్రవ్యముల చట్టము తరువాత మన ఆస్పత్రులలో మార్ఫిను దాదాపు కరవైనది. 2014 సవరణ వరకు ఆ ఇబ్బంది కొనసాగింది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఉపశమన వైద్యము కేరళ గ్రామములకు పాకింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో 2006లో ఆ విభాగము ప్రారంభమైంది. మిషను ఆస్పత్రుల వారసత్వము గల మన సంఘములు ఈ సేవలో వెనుకబడియుండుట విచారకరము. చావును చట్టబద్ధము చేయవద్దని తీర్మానములు వ్రాయుట సులభము. ఏలీయాకు రొట్టె కాల్చి పెట్టుట కష్టము.

2023 మార్పుల ప్రకారము ముందస్తు నిర్దేశమును ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీ లేక గెజిటెడ్ అధికారి చేత ధృవపరచుకొనవలెను. రోగి మాటలాడలేని స్థితికి వచ్చినప్పుడు తన పక్షముగా నిర్ణయింపవలసిన దగ్గరివారి పేర్లు అందులో ఉండవలెను. ఆస్పత్రిలోని ముగ్గురు వైద్యుల బోర్డు చూచి, జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యుడు గల రెండవ బోర్డు ఒప్పుకొనిన తరువాతనే చికిత్స ఆపబడుతుంది. సాక్షిగా సంతకము చేయుమని విశ్వాసులు తమ కాపరిని అడుగుట సహజము. అట్టి కాగితము మీద సంతకము చేయుట ఆరవ ఆజ్ఞకు విరోధము కాదని మా అభిప్రాయము. కాని సంతకమునకు ముందు ఆ విశ్వాసితో ఒంటరిగా కూర్చుండి, కుమారులు బయటనున్నప్పుడు, ఇది నీవు కోరినదా, వారికి భారమని వ్రాయించినదా అని అడుగవలెను. ప్రాణము తీయు మందు ఇమ్మని ఒక వాక్యము అందులో చేర్చినను, ఆ వాక్యము మన చట్టములో చెల్లదు.